నిజాం డబ్బుల విమానం లండన్‌లో ఉండాది

మైపాడు ఒడ్డున పాత పడవకి కొత్త చెక్కలేస్తా ఉంటే నాకు ఎఫ్1010 గుర్తొస్తాది. మొదటి ప్రపంచ యుద్ధంలో మన హైదరాబాద్ నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిషోళ్లు చేసిన విమానం అది. ఫైటర్ కాదబ్బా, డీహెచ్9ఏ బాంబర్.

1918 అక్టోబర్ 5న జర్మన్లకి చిక్కింది. వాళ్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బాంబుల భయానికి పోలండ్ చేర్చారు. రెక్కలు పోయినాయి, మొండెం మిగిలింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ని పోలండ్‌కిచ్చి దీన్ని తెచ్చుకునింది. కొత్త రెక్కలు కట్టి లండన్ మ్యూజియంలో నిలబెట్టింది.

ఒంటి మీద ‘నిజాం కానుక’ అని ఇంగ్లీషులో రాసుండాది. నిజాం ఖజానా నిండిందేమో రైతులు కట్టిన శిస్తుతో. వాళ్ల ఊసు ఆ రాతలో లేదు.