పొగ చెప్పే మాట

ఆటకారు అనగానే మనకు బ్యాటరీ బొమ్మ గుర్తుకొస్తుంది. నేను మనవి చేయబోయేది ఇంధనం తాగి, పొగ వదిలి, చేతిలోని రేడియో పెట్టె చెప్పినట్టు పరుగెత్తే నైట్రో కారు సంగతి. మా పెద్దమ్మ కొడుకు వేసవిలో హైదరాబాదు నుంచి బొబ్బిలి తెచ్చి, "సంక్రాంతికి వచ్చి తీసుకుంటాను, జాగ్రత్తరా" అని నాకు అప్పగించాడు. దాన్ని పాడు చేశాకగాని దాని శాస్త్రం నాకు బోధపడలేదు.

దీని ఇంజను రెండున్నర, మూడున్నర సి.సి.లే. అయినా నిమిషానికి 30,000 సార్లకు పైగా తిరగగలదు. పాత మోపెడ్ల మాదిరి టూ-స్ట్రోక్ జాతిది. కాని స్పార్కు ప్లగ్గు ఉండదు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్గు పద్ధతి దీనిది. అందులోని ప్లాటినం తీగను ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో ఎర్రగా కాల్చి ఇంజను స్టార్టు చేస్తారు. తర్వాత బ్యాటరీ తీసేసినా మిథనాలుకూ ప్లాటినానికీ జరిగే చర్య, లోపలి మంట వేడి కలిసి తీగను చల్లారనివ్వవు.

ఇంధనంలో మిథనాలు, నైట్రోమీథేను, నూనె ఉంటాయి. నైట్రోమీథేను తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది గనుక బలం పెరుగుతుంది. ఇంజనుకు వేరే నూనె తొట్టి లేదు. అంటే ఇంధనం తగ్గిందా, నూనే తగ్గినట్టు! అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

కార్బ్యురేటరు సూదిని కుడికి తిప్పితే ఇంధనం తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. కాస్త తగ్గించగానే కారు దూసుకుపోతుంది. అందుకే అందరూ కుడికే తిప్పుతారు. కాని వేగంలో ఉన్నప్పుడు కూడా వెనక సన్నటి పొగ కనబడాలి. ఆపి హెడ్డు మీద నీటిచుక్క వేస్తే కొన్ని సెకన్లు మరిగి ఆవిరి కావాలి. చుర్రుమని క్షణంలో ఎగిరిపోతే వేడి మించినట్టే.

నేను మే నెల ఎండలో సూది సరిచేశాను. జనవరిలో ఒక పొద్దున, మంచు విడవకముందే, సూది ముట్టకుండా మైదానంలో వదిలాను. చలిలో ఇంజను వేడెక్కదులే అని నా ధీమా. చల్లగాలి చిక్కన, అందులో ఆక్సిజన్ ఎక్కువ. గాలి పెరిగింది, దానికి తగ్గ ఇంధనం పెరగలేదు. మిత్రులు వేగం చూసి చప్పట్లు కొట్టారు. మూడో చుట్టులో కీచుమని ఆగిపోయింది. పిస్టను పట్టేసింది.

మా వీధి మెకానిక్కు విప్పి చూసి, "జోరు సూసి మురిసిపోనావు గానీ బాబూ, పొగొస్తందో లేదో సూసినావేటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. జరిగింది దాచకుండా చెప్పి, కొత్త పిస్టను, స్లీవు ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఈ సరదా ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి ఒక్కటే. చలి పొద్దున ముందు సూదిని ఎడమకు తిప్పి మొదలుపెట్టండి. పొగ చూసుకుంటూ, ఒక్కోసారి చుట్టులో పన్నెండో వంతు మాత్రమే కుడికి జరపండి. మిథనాలు విషం, దాని మంట పగటిపూట సరిగా కనబడదు. అదీ మరవకండి. పొగ ఆగిందంటే, కారు ఎంత జోరుగా పోతున్నా సరే, ఆపేయండి.