బొటనవేలి గోరు కండలో దిగితే

షాద్‌నగర్ నుంచి కొత్తూరు, నందిగామ కంపెనీలకు షిఫ్టుకు వెళ్లేవాళ్లలో చాలామంది కాళ్లకు సేఫ్టీ బూట్లుంటాయి. బరువు మీద పడితే వేళ్లను కాపాడేది వాటి ముందున్న ఇనుప టోపీయే. కాకపోతే తోలు కొన్నాళ్లకు సాగుతుంది, ఇనుము సాగదు. సైజు ఇరుకైతే షిఫ్టంతా బొటనవేలి పక్క కండను గోరు అంచుకేసి నొక్కుతూనే ఉంటుంది. చెమటకు నాని ఆ చర్మం మెత్తబడుతుంది కూడా.

అయినా బూటుది సగం తప్పే. మిగతా సగం మన నెయిల్ కట్టరుది. మూల కాస్త గుచ్చుకోగానే లోపలిదాకా తవ్వి కత్తిరిస్తాం. ఆ పూటకు హాయిగా ఉంటుంది. కట్టరు అందని చోట మాత్రం చిన్న మొన మిగిలిపోతుంది. గోరు పోయిన ఖాళీలోకి కండ ఉబుకుతుంది. కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఆ మొన ముందుకొచ్చి గుచ్చుకునేసరికి వారాలు గడిచిపోతాయి, తవ్విన సంగతి మరిచిపోతాం, మళ్లీ తవ్వుతాం.

దిగిన మొనను శరీరం ముల్లుగానే చూస్తుంది. వాపు, చీము, ఆపైన తాకితే రక్తం కారే ఎర్రకండ. ఆ మొన లోపలుండగా యాంటీబయాటిక్‌లు మింగినా, నిమ్మకాయ తొడిగినా అసలు కారణం పోదు. గోరు మధ్యలో ‘వి’ ఆకారంలో కోస్తే అంచులు దగ్గరికొస్తాయనేది ఇంకో నమ్మకం. గోరు పెరిగేది చర్మం కిందున్న మొదలు నుంచి. పైకి కనిపించే పలక ప్రాణంలేని కెరటిన్. కొసన ఏం కోశామో మొదలుకు తెలియదు.

నొప్పి మొదట్లోనే అయితే గోరువెచ్చని నీళ్లలో పాదాన్ని రోజుకు రెండు మూడుసార్లు పావుగంట ఉంచి, మెత్తబడిన అంచు కింద శుభ్రమైన దూదిపోగు దూర్చి రోజూ మార్చుకోవచ్చు. గోరును తిన్నగా అడ్డంగా కత్తిరించి, మూలలు చర్మం పైకే ఉండనివ్వాలి. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి బూటు కొలత అప్పుడే చూసుకోవాలి. షుగరున్నవాళ్లకు ఈ దూది వైద్యం వద్దే వద్దు. పాదం తిమ్మిరెక్కితే పుండు ముదిరినా నొప్పి తెలియదు.

చీము పట్టినా, ఎర్రకండ లేచినా డాక్టరు దగ్గరికే. గోరంతా పీకించుకోవడం దండగ అని నా అభిప్రాయం. ఏడాది, ఏడాదిన్నరలో అదే గోరు తిరిగొచ్చి మళ్లీ దిగే అవకాశం ఎక్కువ. వేలికి మత్తు సూది ఇచ్చి, పక్క అంచు మటుకు చీల్చి తీసి, ఆ మేరకు మొదలును ఫినాల్‌తో కాల్చడం మేలైన పద్ధతి. 1860లలో సర్జన్ జోసెఫ్ లిస్టర్ గాయాలకు వాడిన కార్బాలిక్ ఆమ్లం ఇదే. మొదలును కాల్చిన తర్వాత కొన్ని వారాలు అక్కడ రసి కారుతుంది. అన్నాళ్లూ ఇనుప టోపీ బూటు వేయలేరు గనుక, సూపర్‌వైజరుకు చూపించే చీటీ కూడా ఆ డాక్టరు దగ్గరే రాయించుకోవాలి.