లూపస్ సోకిన పిల్లలు - మూత్రపిండములలోని నాళికలు

పండ్రెండేండ్ల బాలికకు చెంపలపై సీతాకోకచిలుక రెక్కలవలె ఎఱ్ఱని మచ్చ, కీళ్లనొప్పులు, విడిచి విడిచి జ్వరము వచ్చినవనుకొందము. వైద్యులు లూపస్ అని తేల్చి మందులిచ్చిరి. మచ్చ మాసినది, జ్వరము పోయినది. కాని ఆ పిల్ల రాత్రివేళ మూడు నాలుగు సార్లు మూత్రమునకు లేచుచున్నది. మెట్లెక్కుటకు కాళ్లలో సత్తువ లేదనుచున్నది. ఇంటివారు ఇది జబ్బు మిగిల్చిన నీరసమే యని ఊరకుందురు. అట్లు ఊరకుండరాదని చెప్పుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

లూపస్ అనగా లాటిను భాషలో తోడేలు. ముఖముపై మచ్చ తోడేలు కఱచినట్లుండునని పూర్వులు పెట్టిన పేరది. రోగములనుండి మనలను కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి స్వంత శరీరముపై తిరుగబడుట ఈ వ్యాధి స్వభావము. ఇది అంటువ్యాధి కాదు. తోడి పిల్లలతో కూర్చుండబెట్టుటకు జంకనక్కరలేదు. ఆడపిల్లలలో ఎక్కువ. పిల్లలలో సగముమందికైనను ఇది మూత్రపిండములను తాకును.

ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు గలవు. ప్రతి జల్లెడకు ఒక సన్నని నాళిక అతుకబడియుండును. పెద్దవారిలో దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవము ఈ జల్లెడలగుండా దిగును. అంతయు బయటికి పోయినచో మనిషి బ్రతుకునా? కళ్లములో పొల్లునుండి మంచి గింజలను ఏరి మరల గాదెకు చేర్చునట్లు, నాళికలు నీటిని, ఉప్పును, చక్కెరను, క్షారమును రక్తమునకు తిరిగి చేర్చును. మిగిలిన లీటరున్నర మాత్రమే మూత్రమగును. శరీరములో పుట్టిన ఆమ్లమును బయటికి నెట్టు పనియు నాళికలదే.

న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు 1935లో లూపస్ రోగుల జల్లెడలలోని మార్పులను వర్ణించిరి. నాటినుండి వైద్యుల దృష్టి సహజముగా జల్లెడలపైననే నిలిచినది. నాళికల గోడు ఆలస్యముగా వినబడినది.

నాళికలు, వాని చుట్టునున్న కండ వాచినపుడు ఏరివేత చెడును. నీరు నిలువక మూత్రము అధికమగును. ఎప్పుడో మానిన పక్క తడుపుట మరల మొదలగును. ఆమ్లము రక్తములో నిలిచిపోయి ఎముకలు బలహీనపడును, ఎదుగుదల కుంటుపడును. పొటాషియమను లవణము కొందఱిలో మిక్కిలి తగ్గి కాళ్లు చచ్చుబడును; కొందఱిలో పెరిగి గుండె లయ తప్పును. రెండును ప్రాణాంతకములు కాగలవు. వాపు మానక మచ్చకట్టినచో ఆ భాగము మరల కోలుకొనదు. మూత్రపిండము మున్ముందు ఎంతకాలము పనిచేయునో ఈ మచ్చలనుబట్టి చాలవఱకు ఊహింపవచ్చును.

ఇందొక చిక్కు గలదు. మూత్రములో ముంచు రంగు పట్టీ ముఖ్యముగా ఆల్బుమిన్ అను మాంసకృత్తును పట్టును. నాళికలు చెడినపుడు జారిపోవు చిన్న మాంసకృత్తులు దానికి సరిగా చిక్కవు. కావున పట్టీ బాగున్నదని తృప్తిపడక, రక్తములో పొటాషియము, బైకార్బొనేటు చూడుమని వైద్యుని అడుగవలెను. అవసరమైనచో సూదితో మూత్రపిండమునుండి చిన్న ముక్క తీసి పరీక్షింతురు. పేరు విని తల్లులు భయపడుదురు గాని, ఏ మందు ఎంత కావలయునో దానివలననే స్పష్టమగును.

స్టెరాయిడ్లు, హైడ్రాక్సీక్లోరోక్విన్, మైకోఫినొలేట్ వంటి మందులు వ్యాధిని అణచును. ముఖము ఉబ్బినదని స్టెరాయిడ్లను హఠాత్తుగా మాన్పుట ప్రమాదకరము. కీళ్లనొప్పికి అంగడిలో కొన్న నొప్పిమాత్రలు, పాదరసము లేక సీసము చేరిన భస్మములు నాళికలనే దెబ్బతీయును. ఆమ్లము నిలిచిన పిల్లలకు వైద్యులు క్షారపు మందు, పొటాషియము తగ్గినవారికి దానిని పూరించు మందు తూచి ఇత్తురు. వంటసోడా ఇంటనున్నదిగదా యని చెంచాలతో కలిపి త్రాగింపరాదు. బిడ్డ బరువును, రక్తపరీక్షను చూచి నిర్ణయింపవలసిన మోతాదది.