ఇంటి వైఫై ఎక్స్‌టెండరు: దానిని మరల నెలకొల్పు విధము

అమీర్‌పేట, పంజాగుట్ట, బల్కంపేట ప్రాంతముల యిండ్లను చూచినవారికి వాని కట్టడి యెట్టిదో తెలియును. మొదట ముందుగదియు వంటిల్లును. కొన్నియేండ్లకు కుమారుని పెండ్లికై మేడమీద రెండు గదులు. మరికొన్నియేండ్లకు హాస్టలు పిల్లల కద్దెకిచ్చుటకై యింకొక యంతస్తు. ఇట్లు అవసరము కలిగినపుడెల్ల పెరిగిన యిండ్లివి. ఒకరి గోడకు మరియొకరి గోడ యానుకొని యుండును. ఇట్టి యింట వీధిగదిలో నెట్టు పెట్టె యున్నచో వెనుకగదిలో చదువుకొను పిల్లవానికి దానివలన ప్రయోజన మంతంతమాత్రమే. మైత్రీవనము చుట్టునున్న శిక్షణాలయములకు కంప్యూటరు విద్య నేర్చుకొనుటకై దూరప్రాంతముల యువకులు వచ్చుచుండగా, ఆ భవనమునకు కూతవేటు దూరముననున్న యింటిలో వైఫై రెండు గోడలు దాటలేకపోవుట వింతగా తోచును. విచారించి చూచినచో నిందు వింత యేమియు లేదు.

వైఫై యనునది రేడియో తరంగమే. పందొమ్మిదవ శతాబ్దాంతమున కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు కంటికి కానరాని యిట్టి తరంగమును గోడగుండ పంపి యవతల గంట మ్రోగించి చూపిరి. అది మొదలు తరంగము గోడ దాటునని లోకమునకు తెలిసినది; కాని దాటునపుడు కొంత బలము గోడకు చెల్లించియే దాటవలయును. మన యిండ్లలోని రౌటరు సాధారణముగా రెండు పట్టీలలో పలుకును. 2.4 గిగాహెర్ట్జు తరంగము నిడివి సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జు తరంగము నిడివి సుమారు 6 సెంటీమీటర్లు. మొదటిది మెల్లనిది, కాని గోడలను కొంత మేలుగా దాటును. రెండవది వేగము గలది, కాని త్వరగా డస్సిపోవును. ఇటుకగోడకంటె ఇనుపకడ్డీలతో పోసిన శ్లాబు కఠినమైన యడ్డు. ఇనుపబీరువా, రిఫ్రిజిరేటరు, నీటిట్యాంకు అంతకంటెను చెడ్డవి. లోహము తరంగమును వెనుకకు కొట్టును, నీరు దానిని మ్రింగును.

ఈ చిక్కు తీర్చుటకై వచ్చినది ఎక్స్‌టెండరు. 2020వ సంవత్సరము మార్చిలో పాఠశాలలు మూతపడి పాఠములు ఫోనులోనికి వచ్చినపుడు మన పిల్లల తలిదండ్రులనేకు లీ చిన్న పెట్టెను కొని గోడ ప్లగ్గునకు తగిలించిరి. ఇది నెట్టును పుట్టించునది కాదు. పూర్వము మిషను సభలలో దొరగారు ఇంగ్లీషున నొక వాక్యము పలుకగా ప్రక్కన నిలిచిన దుబాసీ దానిని తెలుగున పలుకుట పెద్దలకు జ్ఞాపకముండును. ఎక్స్‌టెండరు అట్టి దుబాసీ. రౌటరు మాట విని, దానినే వెనుకవారికి మరల చెప్పును. దుబాసీతో జరుగు ప్రసంగమునకు రెట్టింపు కాలము పట్టునట్లే, ఒకే పట్టీలో వినుచు చెప్పుచు నుండు ఎక్స్‌టెండరువద్ద వేగము సుమారు సగమునకు తగ్గును. రెండు పట్టీలు గలది 5లో విని 2.4లో చెప్పగలదు, అమీర్‌పేట మెట్రో స్టేషనులో మియాపూరు బండి దిగి నాగోలు బండి నెక్కినట్లు, రాకకొక దారి పోకకొక దారి యుండుటవలన అచ్చట నష్టము తక్కువ.

ఇక ఎక్స్‌టెండరు పనిచేయుట మానినదని మాయొద్దకు వచ్చి చెప్పు తలిదండ్రులను మే మడుగు మొదటి ప్రశ్న యిది: ఈ నడుమ రౌటరు మార్చిరా? పదింట ఏడెనిమిది సారులు మార్చితిమనియే యుత్తరము. నెట్టు కంపెనీ మనిషి వచ్చి పాతపెట్టె తీసి క్రొత్తపెట్టె తగిలించిపోవును. క్రొత్తదానికి పేరును పాస్‌వర్డును వేరు. వెనుకగదిలోని ఎక్స్‌టెండరున కీ సంగతి తెలియదు. అది పాతపేరుతో పిలుచుచునే యుండును. పలుకువా రెవ్వరును లేరు. పరికరము చెడినదని తలచి రెండువేల రూపాయలు పెట్టి క్రొత్తది కొన్నవారును గలరు. ఇట్టి సందర్భమున ఎక్స్‌టెండరును ముట్టకయే పని చక్కబెట్టు నుపాయ మొకటి గలదు: క్రొత్త రౌటరునకు పాతదాని పేరును పాతదాని పాస్‌వర్డును అక్షరము తప్పకుండ పెట్టింపుడు. భద్రతావిధానముకూడ పూర్వమువలెనే యున్నచో ఎక్స్‌టెండరు, ఫోనులు, టీవీ అన్నియు తమంతట తాము వచ్చి చేరును. ఆ మనిషి యింటనుండగనే యీ మాట యడుగవలయును; అతడు వెడలిన పిమ్మట గంటపని, అతని యెదుట రెండు నిమిషముల పని.

పాతపేరు జ్ఞాపకము లేనిచో దానిని తుడిచి మరల నెలకొల్పవలయును. ఇచట రెండు మాటలకు భేద మెఱుగవలెను. ప్లగ్గు తీసి పెట్టుట రీస్టార్టు. ఇది నిద్రలేపుట వంటిది, జ్ఞాపకములన్నియు నిలుచును. ప్రక్కనున్న సూదిబెజ్జములో పిన్ను పెట్టి యదుముట రీసెట్టు. ఇది నేర్చినదంతయు మరపించును. తొందరలో నొకదానికి బదులు మరియొకటి చేయరాదు. అంతకంటె ముఖ్యమైనది: రీసెట్టు చేయవలసినది ఎక్స్‌టెండరును, రౌటరును కాదు. రౌటరు బెజ్జము నదిమినచో అందులో కంపెనీవారు వ్రాసియుంచిన ఖాతాపేరు, రహస్యపదము తుడిచిపెట్టుకొనిపోవచ్చును; అప్పుడు వెనుకగదియే కాదు, ఇల్లంతయు చీకటి. మే మెఱిగిన యొక యింట నిట్లే జరిగినది. ఒక బాలుడు పరీక్షకు దరఖాస్తు పంపవలసిన కడపటి రాత్రి, వెనుకగదిలో సిగ్నలు లేదని ముందుగది పెట్టెను రీసెట్టు చేసెను. తల్లి యింటనుండి కంపెనీపని చేయునట్టిది. ఆమె పనియు నాగినది. ఆదివారపు రాత్రి యగుటచే బాగుచేయు మనిషి రాలేదు. చివరకు పొరుగింటివారి ఫోను హాట్‌స్పాటుతో రాత్రి పదకొండు దాటిన పిమ్మట దరఖాస్తు చేరినది. ఆ బాలుని తప్పని మేమనము. రెండు పెట్టెలును తెల్లనివే, రెంటికిని బెజ్జములే.

విధ మిది. ఎక్స్‌టెండరును మొదట రౌటరున్న గదిలోనికే తెచ్చి ప్లగ్గునకు పెట్టుడు. దీపము నిలకడగా వెలిగిన పిమ్మట, కరెంటు ఉండగనే, సిమ్ము తీయు పిన్నుతో బెజ్జములోని మీటను సుమారు పది సెకండ్లు, దీపము లన్నియు నొక్కసారి మారువరకు, అదిమిపట్టి విడువుడు. రెండు నిమిషములు దానిజోలికి పోకుడు. ఆ నడుమ ప్లగ్గు తీయుట మంచిది కాదు.

రౌటరుపై డబ్ల్యూపీఎస్ అను మీట యున్నచో పని సులభము. దానిని నొక్కి, రెండు నిమిషములు గడువకమునుపే ఎక్స్‌టెండరుపైనున్న యట్టి మీటను నొక్కినచో రెండును పరిచయము చేసికొనును. డబ్ల్యూపీఏ3 భద్రత మాత్రమే యుంచుకొన్న క్రొత్త రౌటర్లలో నీ మార్గము పనిచేయదు. అప్పుడు ఫోనులోని వైఫై జాబితాలో ఎక్స్‌టెండరు తన కంపెనీపేరుతో కనబడును, దానితో కలియుడు. ఇచటనే పెక్కురు చిక్కుపడుదురు. ఆ పేరుతో కలిసినను నెట్టు రాదు గనుక, ఫోను తెలివి చూపి మొబైలు డేటాకు మరలిపోవును, పుట తెరచుకొనదు. కావున ముందుగా మొబైలు డేటాను ఆపుడు. పిదప పరికరము వెనుక చీటీపై నచ్చువేసిన చిరునామాను బ్రౌజరు పైగీతలో వ్రాయుడు. వెదకు పెట్టెలో కాదు. టీపీ లింకు ఎక్స్‌టెండర్లకు సాధారణముగా 192.168.0.254, నెట్‌గేరు వానికి 192.168.1.250. క్రొత్త అధికారిక పాస్‌వర్డు పెట్టి, మీ రౌటరు పేరెన్నుకొని, దాని పాస్‌వర్డు వ్రాసి, భద్రపరుపుడు. పెద్దక్షరము చిన్నక్షరము వేరని మరువకుడు.

ఇక దాని నెచట నుంచవలయును? సిగ్నలు లేని గదిలో పెట్టుట సర్వసాధారణమైన పొరపాటు. దుబాసీకే వినబడనిచో సభకేమి చెప్పును? రౌటరునకును ఆ గదికిని నడిమిచోట, రౌటరు సిగ్నలు సగమైనను నిలిచిన తావున నుంచవలయును. మెట్లున్న యిండ్లలో మెట్లమలుపు మేలైన స్థానము. శ్లాబునకు బదులు ఖాళీగానుండు మార్గమున తరంగము పైకెక్కును. బీరువా చాటున, ఫ్రిజ్జు వెనుక వలదు. చాల పరికరములందు ఎఱ్ఱదీపము వెలిగినచో దూరము మిక్కుటమైనదని యర్థము. ఒక ప్లగ్గు వెనుకకు తెచ్చి చూడుడు.

రీసెట్టు చేసిన పెట్టె కొంతసేపు తాళములేని తలుపు వంటిది. దాని మొదటి పాస్‌వర్డు అట్టి పెట్టె లన్నిటికి నొకటే కావచ్చును, అసలే లేకపోవచ్చును. గోడకు గోడ యానిన మన వీధులలో ప్రక్కయింటి మేడపై హాస్టలున నిరువదిమంది యుందురు. వారందరు మంచివారే కావచ్చును, కాని మీ నెట్టుపై నెవరే తప్పుపని చేసినను విచారణ మొదట ఖాతాదారుని యింటికే వచ్చును. కావున నాటిరాత్రికే పాస్‌వర్డు మార్పుడు. వీధిపేరు, ఫోనుసంఖ్య వలదు.

ఇంతచేసినను సాయంకాలము వేగము పడిపోవుచున్నచో కారణము వీధిలో నుండవచ్చును. భారత ప్రభుత్వము 2005లో 2.4 గిగాహెర్ట్జు పట్టీని, 2018లో 5 గిగాహెర్ట్జు పట్టీలో విశాలభాగమును బలపరిమితికి లోబడి లైసెన్సు లేకయే వాడుకొననిచ్చినది. ఈ స్వేచ్ఛవలననే యింటింట వైఫై వచ్చినది. దీనివలననే రద్దీయు వచ్చినది. 2.4 పట్టీలో 13 చానళ్లున్నను ఒకదానిపై నొకటి పడకుండ నిలుచునవి 1, 6, 11 అను మూడే. శిక్షణాలయములు, హాస్టళ్లు, దుకాణములు అన్నియు నా మూటిలోనే దూరవలయును. చానలు మార్చవలసినది రౌటరులో, ఎక్స్‌టెండరు దానిననుసరించును.

వీలున్నవారికి మా సలహా వేరు. మేడమీదికి ఒక్క నెట్టు తీగ లాగించి, ఎక్స్‌టెండరునకు తీగరంధ్ర మున్నచో దానిని యాక్సెస్ పాయింటు విధానమున నడుపుడు. తరంగమును విని చెప్పు పని తప్పును గనుక సగము వేగము పోవుట యుండదు. గోడకు బెజ్జము వేయుటకు అద్దెయింటివారు యజమాను నడుగవలసియుండును. రౌటరు పేరు, దాని పాస్‌వర్డు, ఎక్స్‌టెండరు చిరునామా, పెట్టిన తేది ఒక చీటీపై వ్రాసి బీరువా తలుపు లోపలి ప్రక్క నంటించినచో, మరల రౌటరు మార్చు దినమున నది పనికివచ్చును.