చీమలదండు వెంట తిరుగు పిట్ట

గేదెలు మేయుచుండగా వాని కాళ్లచెంత తెల్లకొంగలు తిరుగుట సోదరీమణు లెల్లరు చూచియే యుందురు. గేదె యడుగు వేసినప్పుడు గడ్డిలోని మిడుతలు ఎగిరిపడును. కొంగ వానిని పట్టుకొనును. ఇట్లే పరుల నడకవలన పొట్ట పోసికొను నొక యడవిపిట్టను గుఱించి మేమీ మాసమున ముచ్చటింప దలచితిమి.

ఇది మధ్య అమెరికాలోని హాండురాస్ మొదలు దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ వఱకు గల వానయడవులలో నుండును. ఆంగ్లమున దీనిని ‘ఆసిలేటెడ్ ఆంట్‌బర్డ్’ అందురు. మనము చీమలపిట్ట యందము. గోరువంకకంటె కొంచెము చిన్నది. తూకము సుమారు 50 గ్రాములు. వీపున చేపపొలుసులవంటి మచ్చలు, కన్నుచుట్టు ఈకలులేని నీలిచర్మము దీని యలంకారములు.

పేరు చూచి యిది చీమలనే తిని బ్రదుకునని తలపరాదు. ఆ యడవులలో దండుచీమలు లక్షలకొలది కూడి, కొన్ని గజముల వెడల్పున నేలను కప్పుచు దాడి వెడలును. వానికి వెఱచి ఆకులక్రింది సాలెపురుగులు, బొద్దింకలు, కీచురాళ్లు బయటికి పరుగెత్తును. నేలకు దగ్గఱ కొమ్మలపై పొంచియున్న పిట్ట వానిని పట్టి తినును. ఈ చీమలకు స్థిరనివాసము లేదు. రమారమి రెండువారములు మకాములు మార్చుచు తిరిగి, పిదప మూడువారము లొకచోట నిలుచును. కావున పిట్ట యొక్క దండునే నమ్ముకొనక పెక్కు దండుల జాడ యెఱిగి యుండవలెను. అందులకు విశాలమైన యడవి కావలెను.

దీని సంసారము మన యుమ్మడి కుటుంబమును తలపించును. మగది ఆడుదానికి పురుగు నందించి మచ్చిక చేసికొనును. ఎదిగిన కొడుకులు కోడండ్రను దెచ్చుకొని తలిదండ్రులతో గలసి మెలగుచుండును.

ఇట్టి సంసారమున కొకచోట గొడ్డలి లేకయే కీడు మూడెను. పనామా కాలువకై చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టగా గాటున్ సరస్సు ఏర్పడెను. 1914 నాటికి ఒక కొండచుట్టును నీరు నిండి, అది బారో కొలరాడో యను దీవి యయ్యెను. 1923లో దానిని ప్రకృతి పరిశోధనకై ప్రత్యేకించి కాపాడిరి. వైశాల్యము సుమారు 1500 హెక్టారులు. చెట్లు నిలిచినవి, చీమలదండులును నిలిచినవి. చీమలపిట్ట మాత్రము క్రమముగా తగ్గి, ఆ శతాబ్దము ముగియకముందే దీవినుండి మాయమయ్యెను.

అడవినీడ విడువని పిట్టకు నీటిపై దూరము ఎగురుట యలవాటు లేదు. ఆ సరస్సుపైననే పడవలనుండి కొన్నిజాతుల అడవిపిట్టలను విడిచి చూడగా, కొన్ని 100 మీటర్లయిన దాటలేకపోయినవని శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి. దీవిలోని గుంపు తగ్గినప్పుడు ఆవలియొడ్డునుండి క్రొత్తకోడలు వచ్చుటకు దారి లేకపోయెను.

ఆవలిగట్టు అడవులలో నీ పిట్ట నేటికిని కలదు. అడవిని కాపాడుట యనగా చెట్లను మిగుల్చుట మాత్రమే కాదు. ఒక యడవినుండి మఱియొక యడవికి నీడ తెగని బాటను గూడ మిగుల్చుట. పుట్టింటికి, అత్తవారింటికి నడుమ దారి తెగినచో నేమగునో మన సోదరీమణులకు వేఱుగా చెప్పవలయునా?