శుభం కార్డు లేని బొమ్మ

పిల్లలూ! సినిమా హాలులో బొమ్మ పూర్తికాగానే తెరమీద "శుభం" అని పడటం మీ తాతయ్యలకు బాగా తెలుసు. అది పడగానే దీపాలు వెలిగేవి. జనం లేచి ఇళ్ళకు పోయేవారు. ఇంకా కాసేపు కూర్చుంటామని ఎవరూ మారాం చేసేవారు కాదు. పుస్తకానికి చివరి పుట ఉన్నది. భోజనానికి మజ్జిగన్నం ఉన్నది. వీధిలో ఆటకు చీకటి పడటం ఉన్నది. ప్రతిదానికీ ఒక ముగింపు ఉన్నది గదా! మరి సెల్‌ఫోనులో వచ్చే బొమ్మలకు చివర ఎక్కడ ఉన్నదో మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఎందుకంటే, అది లేదు!

ఇది ఎట్లా వచ్చిందో తెలుసుకొందాం.

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశంలో ఒక గొప్ప ప్రయోగం మొదలైంది. దానిని పొట్టిగా "సైట్" అనేవారు. ఆకాశంలోని ఒక అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 పల్లెలకు టెలివిజన్ బొమ్మలు పంపారు. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లోని పల్లెలు కూడా వాటిలో ఉన్నవి. ఊరందరికీ కలిపి ఒకే పెట్టె! ఉదయం గంటన్నరసేపు బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలసేపు పెద్దలకు. అంతే. వేళ కాగానే బొమ్మ తనంతట తానే ఆగిపోయేది. ఆ ప్రయోగం సరిగ్గా ఏడాది నడిచింది.

ఇప్పుడో? 2006లో అజా రాస్కిన్ అనే అమెరికా యువకుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. తెరను వేలితో పైకి తోసేకొద్దీ కింద కొత్తవి వస్తూనే ఉంటవి. పుట తిప్పే పని లేదు, చివర అనేది లేదు. "ఇక చాలు" అని మనసుకు తోచే చోటు మాయమైపోయింది. తరువాత ఆయనే దీనికి విచారపడ్డాడు. అయితే అప్పటికే ఈ ఉపాయం లోకమంతా పాకిపోయింది. మీరు ఎంత ఎక్కువసేపు చూస్తే అన్ని ఎక్కువ ప్రకటనలు మీ కంట పడతవి. ఆ ప్రకటనలవల్ల నడిపేవారికి డబ్బు వస్తుంది. కనుక "శుభం" వేయటం వారికి లాభం కాదు. అది మనమే వేసుకోవాలి.

వేసుకోకపోతే ఏమవుతుంది? ముందు కంటి సంగతి చూద్దాం. ఒక చిన్న ప్రయోగం చేయండి. చూపుడువేలును ముఖానికి జానెడు దూరంలో నిలబెట్టి, ఆ వేలి గోరును తేరిపార చూడండి. వెనుక ఉన్న చెట్టు మసకగా కనిపిస్తుంది. ఇప్పుడు చెట్టును చూడండి. వేలు మసకబారుతుంది. కంటిలోపల ఒక కటకం, దాని చుట్టూ ఒక కండరం ఉన్నవి. దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఆ కండరం బిగుసుకొంటుంది, కటకం ఉబ్బుతుంది. దూరం చూసేటప్పుడు కండరానికి విశ్రాంతి. గంటల తరబడి ఫోను చూస్తే ఆ విశ్రాంతి ఎక్కడిది? పైగా మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. తెర చూసేటప్పుడు రెప్ప వేయటమే తగ్గిపోతుంది. అందుకే కళ్ళు ఎండి మండుతవి.

ఇంతకన్న పెద్ద సంగతి మరొకటి ఉన్నది. మీ వయసులో కంటిగుడ్డు ఇంకా పెరుగుతూ ఉంటుంది. ఎప్పుడూ దగ్గరి వస్తువులనే చూస్తూ, ఆరుబయటకు పోకుండా ఉండే పిల్లలలో అది ఉండవలసినదానికన్న పొడుగ్గా సాగే ప్రమాదం ఎక్కువ. అప్పుడు దూరపు వస్తువు బొమ్మ కంటిలోని తెరమీద పడక, దానికి ముందే పడుతుంది. దీనినే హ్రస్వదృష్టి అంటారు. కళ్ళజోడు పెట్టుకొంటే చక్కగా కనిపిస్తుంది కాని, సాగిన గుడ్డు మళ్ళీ పొట్టి కాదు.

నేను బడిలో పనిచేసిన రోజులలో ఏడో తరగతిలో పొడుగాటి కుర్రవాడొకడు ఉండేవాడు. పొడుగని చివరి బల్లమీద కూర్చునేవాడు. లెక్కలన్నీ తప్పులే. తోటిపిల్లలు "మొద్దు" అని పేరు పెట్టారు. ఒకనాడు అతని పలకమీది లెక్కను నల్లబల్లమీది లెక్కతో పోల్చి చూశాం. చేసిన విధానం సరిగానే ఉన్నది. అయితే 8ని 3 అని, 7ని 1 అని ఎక్కించుకొన్నాడు. కంటి వైద్యుడు జోడు రాసి ఇచ్చాడు. ఆ తరువాత లెక్కలు కుదిరినవి. ఆ పేరు మాత్రం పోవటానికి ఏడాది పట్టింది. కనుక పిల్లలూ, నల్లబల్ల మసకగా కనిపిస్తే దాచుకోకండి. వెంటనే మాస్టారుకూ, అమ్మానాన్నలకూ చెప్పండి.

మరి హ్రస్వదృష్టి రాకుండా చూసుకొనే ఉపాయం లేదా? ఉన్నది. దానికి దమ్మిడీ ఖర్చు కాదు! తైవాన్ దేశంలో పిల్లలకు కళ్ళజోళ్ళు ఏటేటా పెరిగిపోతుంటే, 2010లో అక్కడివారు బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచాలని ఒక కార్యక్రమం పెట్టారు. ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిన జబ్బు ఆ తరువాత కొద్దిగా తగ్గుముఖం పట్టింది. చెట్టు నీడన ఉండే వెలుతురు కూడా ఇంట్లో దీపపు వెలుతురుకన్న ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వెలుతురే కంటిగుడ్డు అతిగా సాగకుండా కాపాడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. మీరు తొక్కుడుబిళ్ళ ఆడినా, క్రికెట్ ఆడినా, ఊరికే గట్టుమీద కూర్చుని కబుర్లు చెప్పుకొన్నా సరే. బయట ఉండటమే మందు. అయితే సూర్యుణ్ణి మాత్రం సూటిగా చూడరాదు సుమా!

ఇక నిద్ర. మెదడులో బఠాణీ గింజకన్న చిన్న గ్రంథి ఒకటి ఉన్నది. చీకటి పడగానే అది మెలటోనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. "రాత్రి అయింది" అని ఒంటికి చాటింపు వేసే తలారి ఈ మెలటోనిన్! దీనిని 1958లో అమెరికాలో ఆరన్ లెర్నర్ అనే వైద్యుడు, ఆయన తోటివారు కనిపెట్టారు. ముఖానికి దగ్గరగా తెర వెలుగుతూ ఉంటే, ఇంకా పగలే కాబోలునని ఆ గ్రంథి ఆలస్యం చేస్తుంది. నిద్ర రాదు. మర్నాడు బడిలో కునికిపాట్లు, చదివింది గుర్తుండకపోవటం, చీటికిమాటికి విసుగు.

ఇదంతా తెలిసి కూడా ఒక్కరం మానుకోవటం కష్టమే. అందుకే ఒక ఊరు ఊరంతా కలిసి ఏం చేసిందో వినండి. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే పల్లె ఉన్నది. జనం సుమారు 3,000. కరోనా రోజులలో బడులు మూసి పాఠాలన్నీ ఫోనులో చెప్పారు గదా! బడులు తెరిచాక కూడా పిల్లల చేతులు ఫోనును వదలలేదు. 2022 ఆగస్టులో ఆ ఊరివారు ఒక కట్టుబాటు చేసుకొన్నారు. సాయంత్రం 7 గంటలకు గుడిమీద సైరన్ మోగుతుంది. వెంటనే ప్రతి ఇంట్లో ఫోన్లు, టీవీలు ఆపివేయాలి. 8-30కి రెండో సైరన్ మోగేదాకా చదువు, రాత, మాటలు. మొదట కొందరు నవ్వారు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీవారు, రిటైరయిన ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పారు. ఇందులో కీలకం గమనించారా? పిల్లలను మాత్రమే ఆపమనలేదు. అమ్మ చూసే సీరియల్, నాన్న చూసే వార్తలు కూడా ఆగినవి!

మీ ఇంట్లో ఇట్లా చేసి చూడండి. వారం రోజులపాటు రోజూ ఎంతసేపు తెర చూశారో ఒక కాగితంమీద నిజాయితీగా రాయండి. పాఠం కోసం చూసింది ఒక గడిలో, ఊరికే చూసింది మరొక గడిలో. రెండో గడినే తగ్గించాలి. చూడబోయే ముందే "ఇది, ఇంతసేపు" అని పైకి అనండి. అయిపోగానే "శుభం" అని గట్టిగా చెప్పి ఫోను పెట్టేయండి. నవ్వులాటగా ఉన్నా, పనిచేస్తుంది. ప్రతి 20 నిమిషాలకూ ఒకసారి కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టునో, మేడనో కాసేపు చూడండి. రాత్రి ఫోనును పడకగదిలో పెట్టుకోక, వసారాలోనో, హాలులోనో వదలండి. సెలవు రోజున అష్టాచెమ్మా, పులిజూదం బయటికి తీయండి. నేర్పేందుకు మామ్మలు సిద్ధంగా ఉంటారు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. ఏడాది నిండని పసివాళ్ళకు తెర అసలే చూపరాదని, 2 నుంచి 4 ఏళ్ళ వారికి రోజుకు గంట మించరాదని, అంతకన్న తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. చందమామను చూపి గోరుముద్దలు తినిపించిన జాతి మనది. ఫోను చూపి తినిపిస్తే, బిడ్డ కడుపు నిండింది లేనిదీ బిడ్డకే తెలియదు. పిల్లలు మన మాట వినటం తక్కువ, మనల్ని చూసి నేర్వటం ఎక్కువ. భోజనాల వేళ ముందు మన ఫోను పక్కన పెడదాం. ఆ తరువాత వాళ్ళకు చెప్పవలసిన అవసరమే ఉండకపోవచ్చు.