రత్నములను తూచు విధము

అంగడికి పోయి వంకాయలు కొనునపుడు కిలోగ్రాములలో అడుగుదుము. బంగారము కొనునపుడు గ్రాములలో అడుగుదుము. వజ్రము కొనువారు మాత్రము ఈ రెంటిని విడిచి, "ఇది యెన్ని క్యారెట్లు?" అని ప్రశ్నింతురు. మనము తినెడు క్యారెట్టు దుంపకును దీనికిని పేరున తప్ప మరి యే చుట్టరికమును లేదు. ఇది రత్నవర్తకుల తూనికమానము.

ఒక క్యారెట్టు అనగా సరిగా 200 మిల్లీగ్రాములు. గ్రామునకు 1000 మిల్లీగ్రాములు గనుక, ఒక గ్రాములో 5 క్యారెట్లు ఇమిడియున్నవి. కిలోగ్రామునకు 1000 గ్రాములు గనుక, ఒక కిలోగ్రాములో 5000 క్యారెట్లు ఉన్నవి. కావున కిలోగ్రాములను క్యారెట్లుగా మార్చవలెనన్నచో 5000 చేత గుణింపవలెను. క్యారెట్లను కిలోగ్రాములుగా మార్చవలెనన్నచో 5000 చేత భాగింపవలెను. లెక్క ఇంతియే. అయినను ఈ చిన్న లెక్కలో తప్పు జరిగినచో నష్టము చిన్నది కాదు.

నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో ఒకమారు, "2 కిలోల 350 గ్రాముల రత్నములు ఎన్ని క్యారెట్లు?" అని ఎనిమిదవ తరగతి పిల్లల నడిగితిని. 2.35ను 5000 చేత గుణించినచో 11,750 వచ్చును. ఒక బాలుడు 1,175 అని వ్రాసి తెచ్చినాడు. తప్పు దిద్దగా, "ఒక్క సున్నయే గదా, మాస్టారూ!" అని నవ్వినాడు. "నాయనా, నీవు విడిచిన సున్నలో 10,575 క్యారెట్ల రత్నములు జారిపోయినవి. వర్తకుడు ఊరుకొనునా?" అంటిని. తరగతి యంతయు నవ్వినది. ఆ బాలుడు మాత్రము మరల అట్టి తప్పు చేయలేదు.

ఇంత చిన్న మానము ఎట్లు పుట్టినదో చూడుడు. పూర్వకాలమున సన్నని వస్తువులను తూచుటకు మనుష్యులకు దొరికిన పడికట్టు రాళ్ళు చెట్ల గింజలే. మధ్యధరా సముద్రతీరమున కేరబ్ అను చెట్టు కలదు. దాని కాయలు కొమ్మువలె వంకరగా నుండును. కొమ్మును గ్రీకులు కెరాస్ అనిరి. ఆ కాయలోని గింజను "చిన్న కొమ్ము" అను అర్థమున కెరాటియన్ అనిరి. ఆ మాట అరబ్బుల నోట కీరాత్ అయి, ఇటలీ వర్తకుల నోట కరాతో అయి, తుదకు క్యారెట్టు అయినది.

ఆ గింజలన్నియు ఒకే బరువున నుండుటచేతనే వానిని ఎన్నుకొనిరని చిరకాలము చెప్పుకొనుచుండిరి. అది నిజము కాదు. శాస్త్రజ్ఞులు వానిని ఒక్కొక్కటిగా తూచి, ఇతర వృక్షముల గింజలవలెనే ఇవియును బరువున హెచ్చుతగ్గులు గలవని 2006లో ప్రకటించిరి. అయితే మనుష్యుని కన్ను మిక్కిలి చురుకైనది. చాల గింజలనుండి ఒకే పరిమాణము గలవానిని ఏరుకొనుట దానికి కష్టము కాదు.

మన దేశమున ఆ పని చేసినది గురివింద గింజ. నా చిన్ననాట, అనగా 1960 దశకము చివర, మా అవ్వగారి ముక్కుపుడక చేసిన కంసాలి తన పెట్టెలో ఎర్రని గురివింద గింజలను ఒక డబ్బీనిండ దాచుకొనియుండెను. అప్పటికే మెట్రిక్ తూనికలు చట్టమైనను, ఆయన చేతికి గింజలమీదనే గురి. ఉత్తరదేశపు వారు గురివింద ఎత్తును రత్తి యందురు. ఎనిమిది రత్తులు ఒక మాషము, పండ్రెండు మాషములు ఒక తులము. తులము సుమారు 11.66 గ్రాములు గనుక, దానిని 96 చేత భాగించినచో రత్తి రమారమి 121 మిల్లీగ్రాములగును. అనగా మన గురివింద క్యారెట్టులో సగమునకు కొంచెము మించినది. దక్షిణదేశమున రత్నములను తూచుటకు మంజాడి గింజ వాడుకలో నుండెను. పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు వచ్చి, కృష్ణాతీరమునందలి కొల్లూరు గనిని చూచిన టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు, ఇచ్చటి వజ్రవ్యాపారమున ఈ తూనికనే చూచి, తన గ్రంథమున "మంగెలిన్" అని వ్రాసికొనెను.

గింజ మారినచో తూకమును మారును. పూర్వము ఒక్కొక్క నగరమునకు ఒక్కొక్క క్యారెట్టు ఉండెను. లండను క్యారెట్టు సుమారు 205.3 మిల్లీగ్రాములు, ఇటలీలోని ఫ్లారెన్సు క్యారెట్టు సుమారు 197 మిల్లీగ్రాములు. లండనులో 100 క్యారెట్లు తూగిన రాయి, ఫ్లారెన్సునకు పోవునప్పటికి 104 క్యారెట్లు అగును. రాయి పెరుగలేదు, తరుగలేదు. మాట మాత్రము ఒకటియే, బరువులు రెండు. బేరము చేయువానికి ఇది యెంత చిక్కో ఊహింపుడు.

ఈ చిక్కు మన కోహినూరు వజ్రమును కూడ విడువలేదు. కొల్లూరు ప్రాంతమున దొరికినదని ప్రతీతి గల ఆ వజ్రము 1851లో లండను మహాప్రదర్శనమున ఉంచబడినపుడు దాని తూకము 186 క్యారెట్లు అని చెప్పిరి. వేరొక పుస్తకమున అదియే 191 క్యారెట్లు అని కనబడును. రెండును సత్యములే. 186 అనునది పాత లండను క్యారెట్లు. దానిని 205.3 చేత గుణించినచో సుమారు 38,186 మిల్లీగ్రాములు వచ్చును. దానిని నేటి 200 చేత భాగించినచో దాదాపు 191 వచ్చును. 1852లో దానిని మరల సానపట్టించిరి. పిదప దాని తూకము మెట్రిక్ క్యారెట్లలో 108.93 అని చాలకాలము పుస్తకములు వ్రాయుచుండెను. తరువాత జాగ్రత్తగా తూచగా 105.6 మాత్రమే అని తేలినది. కావున ఒకే రత్నమునకు నాలుగు సంఖ్యలు చూచి విద్యార్థి కలత చెందనక్కరలేదు. అవి ఏ కాలపు తూకములో, ఏ క్యారెట్టులో చెప్పబడినవో అడిగినచో చాలును.

1907లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 200 మిల్లీగ్రాముల మెట్రిక్ క్యారెట్టును ఆమోదించెను. అమెరికా సంయుక్తరాష్ట్రములు 1913లోను, బ్రిటను 1914లోను దానిని అంగీకరించినవి. మన దేశమున 1956లో తూనికలు, కొలతల చట్టము చేయబడి, 1958 నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా అమలులోనికి వచ్చినవి. నేడు ఏ దేశమునకు పోయినను రత్నముల క్యారెట్టు ఒక్కటియే.

ఇచట మరియొక క్యారెట్టును వేరుచేసి చెప్పవలెను. "22 క్యారెట్ల బంగారము" అన్నపుడు అది బరువు కాదు, వన్నె. మేలిమి బంగారము 24 క్యారెట్లు. 22 క్యారెట్ల బంగారమున ఇరువదినాలుగు పాళ్ళలో ఇరువదిరెండు పాళ్ళు బంగారము, తక్కిన రెండు పాళ్ళు వేరు లోహము. నగలపై 916 అని ముద్ర వేయుట దీనినిబట్టియే. వజ్రపుటుంగరమున ఈ రెండు క్యారెట్లును పక్కపక్కనే కూర్చుండును. బిల్లు చదువునపుడు ఒకదానిని మరియొకటిగా భ్రమించువారు పెద్దలలోను కలరు.

ఇక ఈ లెక్క ఎవరికి అక్కరకు వచ్చునని మీరడుగవచ్చును. కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి పొలములలోను, అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు చేలలోను తొలకరి వానలు కురియగానే కూలివారు, రైతులు, దూరపు గ్రామముల నుండి వచ్చినవారు తలలు వంచుకొని నేల వెదకుచుందురు. వాన మట్టిని కడిగివేయగా ఎన్నడైన ఒక వజ్రము మెరయును. ఒక కూలి తల్లికి అట్టి రాయి దొరికినదనుకొందము. దాని నిజమైన బరువు 1.4 గ్రాములు. అనగా 7 క్యారెట్లు. ఆమె దానిని కూరగాయల కొట్టులోని త్రాసుపై పెట్టినది. ఆ త్రాసు గ్రామునకు లోబడిన భాగమును చూపదు. "1" అని మాత్రమే చూపినది. ఒక గ్రాము అనగా 5 క్యారెట్లు. రెండు క్యారెట్లు గాలిలో కలసిపోయినవి. వంకాయల తూకమున అరగ్రాము పోయినను ఎవరును చింతింపరు. రత్నమున అదియే రెండున్నర క్యారెట్లు. అంతకంటెను ఘోరము, "1.4" అను సంఖ్యను విని కొనువాడు కాగితముపై "1.4 క్యారెట్లు" అని వ్రాసినచో, ఆ తల్లి సొత్తులో అయిదవ వంతు మాత్రమే లెక్కకు వచ్చును. సంఖ్య మారలేదు, ప్రక్కనున్న మాట మారినది.

అందుచేతనే రత్నములను ప్రత్యేకమైన త్రాసుపై తూతురు. ఊపిరి తగిలినను, పంకా తిరిగినను సంఖ్య కదలును గనుక దానికి గాజు గది అమర్తురు. అది క్యారెట్టులో నూరవ వంతును కూడ చూపును. ఆ నూరవ వంతును వర్తకులు సెంటు అందురు, 2 మిల్లీగ్రాములు. మన పల్లెలలో సెంటు అనగా ఎకరములో నూరవ వంతు భూమి. "యాభై సెంట్లు" అన్న మాట రైతు నోట అర ఎకరము, రత్నవర్తకుని నోట అర క్యారెట్టు!

తూకము తెలిసినంతమాత్రమున వెల తెలియదు. ఒక క్యారెట్టు రాయి వెల, అంతే వన్నె, అంతే స్వచ్ఛత గల నాలుగు పావు క్యారెట్టు రాళ్ళ మొత్తము వెల కంటె మిక్కిలి హెచ్చు. ఏలయన పెద్ద రాళ్ళు అరుదు. నేలలో దొరికిన ముడిరాయి సానపట్టునపుడు చాల భాగము పొడియై పోవును. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ వజ్రము 3,106 క్యారెట్లు, అనగా 621 గ్రాములు. దానిని చీల్చి సానపట్టగా వచ్చిన రాళ్ళలో మిక్కిలి పెద్దది 530 క్యారెట్లు మాత్రమే.

తూకము ఒకటియైనను పరిమాణము ఒకటి కాదు. వజ్రము నీటికంటె మూడున్నర రెట్లు బరువైనది. కెంపు నాలుగు రెట్లు. పచ్చ రెండు ముప్పాతిక రెట్లు. కావున ఒక క్యారెట్టు పచ్చ, ఒక క్యారెట్టు వజ్రముకంటె పెద్దదిగాను, ఒక క్యారెట్టు కెంపు చిన్నదిగాను కనబడును. కంటితో చూచి తూకము చెప్పుదుననువానిని నమ్మరాదు.

ఇప్పుడు మీరే ఒక లెక్క చేయుడు. 2023లో ప్రపంచపు గనులన్నిటి నుండి వెలువడిన ముడివజ్రములు సుమారు 11 కోట్ల 15 లక్షల క్యారెట్లు. సంఖ్య చూడగా కొండంత అనిపించును. 5000 చేత భాగింపుడు: 22,300 కిలోగ్రాములు. పది టన్నుల లారీలు రెండు నిండి, మూడవదానిలో కొంచెము మిగులును.

మరియొకటి హైదరాబాదులోనిది. ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాను కాలమున కొనబడిన జేకబ్ వజ్రమును ఆయన కుమారుడు ఉస్మాన్ ఆలీఖాను కాగితములు ఎగిరిపోకుండ అడ్డుగా పెట్టుకొనియుండెనని ప్రసిద్ధి. భారత ప్రభుత్వము నిజాము నగలతో పాటు దానిని 1995లో కొనెను. సాలార్‌జంగు మ్యూజియమున ప్రదర్శించినపుడు జనులు బారులు తీరి చూచిరి. దాని తూకము 184.75 క్యారెట్లు. అయిదు చేత భాగించి చూడుడు: 36.95 గ్రాములు. ఒక కోడిగ్రుడ్డు దానికంటె బరువు.